బాయి గోడ, ఆకు గోడ

ఇంటర్‌లో బోటనీ తెలుగు మీడియంలో చదివినవాళ్లకి 'కణకవచం' అనే మాట గుర్తుండే ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు సెల్ వాల్ అన్నదాన్ని మనవాళ్లు గోడ అనకుండా కవచం అన్నారు. ఎవరు పెట్టారో గాని, వినగానే కర్ణుడు గుర్తొస్తాడు. మంచి మాటే. కాని పాతికేళ్లుగా ఈ పాఠం చెబుతున్నదాన్ని, నాకు కవచం కన్నా గోడే నచ్చుతుంది. కవచం తొడుక్కునేది, గోడ కట్టుకునేది. మొక్కలో ప్రతి కణమూ తన చుట్టూ తానే గోడ కట్టుకుంటుంది. పెరిగేకొద్దీ దాన్ని సాగదీసుకుంటుంది. కొన్నిచోట్ల కట్టడం పూర్తవగానే తాను చచ్చిపోయి, గోడను మాత్రం వదిలిపోతుంది. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కని మైక్రోస్కోపు కింద పెట్టి 'సెల్' అని పేరు పెట్టింది అట్లా వదిలిపోయిన గోడలకే. మనుషులు ఖాళీ చేసి వెళ్లిన ఇళ్లని చూసి ఊరికి పేరు పెట్టినట్టు.

మాది మరిపెడ. వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద ఉంటుంది. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. పత్తి, మిర్చి, నీళ్లుంటే వరి. నేను పుట్టిన ఇంటికి ముందువైపు మట్టిగోడలు, వెనక కొట్టానికి మాత్రం తడక. పత్తికట్టెను దగ్గర దగ్గరగా అల్లి, పేడ కలిపిన ఎర్రమట్టిని రెండువైపులా మెత్తేవాళ్లు. ఎండాకాలం పగుళ్లిస్తే మళ్లీ మెత్తడం అమ్మ పని. నాకు తెలిసి కణకవచాన్ని వివరించడానికి దీన్ని మించిన బొమ్మ ఏ పుస్తకంలోనూ లేదు. సెల్యులోజ్ పోగులు అల్లిన కట్టె. హెమిసెల్యులోజ్ అనే రకరకాల చక్కెర గొలుసులు ఆ కట్టెను పట్టి ఉంచే తాళ్లు. పెక్టిన్ మెత్తిన తడిమట్టి. జామ్ గట్టిపడేది దానివల్లే. కాండం నిటారుగా నిలబడాల్సిన చోట, నీటిగొట్టం లోపలికి కూలకుండా ఉండాల్సిన చోట, వీటన్నిటి సందుల్లోకీ లిగ్నిన్ పోస్తుంది మొక్క. అది సిమెంటు. ఒకసారి పోశాక ఇక ఆ గోడ సాగదు.

తాండూరు వైపు పోతే ఇళ్లకి నాపరాయి, మా దగ్గర మట్టి, సముద్రం పక్కన తాటాకు. దొరికినదాన్ని బట్టి, అవసరాన్ని బట్టి కట్టుకుంటారు. మొక్కలూ అంతే, అన్నీ ఒకే గోడ కట్టవు. మరి ఏ మొక్క ఏ సరుకు వాడటం ఎప్పుడు మొదలుపెట్టింది? ముందు మట్టా, ముందు సిమెంటా? వరినీ పత్తినీ ఎంత చూసినా ఈ ప్రశ్నకి జవాబు దొరకదు, ఎందుకంటే అవి రెండూ నిన్నమొన్నటి పూలమొక్కలు. పెద్దవాళ్లని అడగాలి. ఆ పెద్దవాళ్లు మా బాయిలో ఉండేవాళ్లు.

మా బాయి మోటబాయి. రాయీ సున్నమూ కలిపి మా తాత కట్టించింది. మోట కొట్టిన రోజులు నేను చూడలేదు. నాకు తెలిసింది ఆయిలింజను, ఆ తర్వాత కరెంటు మోటరు. బోరు వేశాక బాయినీళ్లు అడుగుకి పోయాయి. 2015లో మిషన్ కాకతీయ మొదలై పూడిక తీశాక, చెరువు నిండిన ఏడాది మళ్లీ కొంచెం పైకొచ్చేవి. దక్షిణం వైపు గోడకి ఎప్పుడూ ఎండ తగలదు. అక్కడ రాళ్ల సందుల్లో రెండు రకాల ఫెర్న్‌లు. ఒకటి టెరిస్ విట్టేటా. నడిమి ఈనెకి అటూ ఇటూ నిచ్చెనమెట్లలా సన్నటి ఆకులు. పాత వంతెనలకీ ఇటుక గోడలకీ మీరు చూసే ఉంటారు. నేలలోని ఆర్సెనిక్ విషాన్ని పీల్చి ఆకుల్లో దాచుకుంటుందని 2001లో అమెరికాలో కనిపెట్టాక దానికి కొంచెం పేరొచ్చింది. రెండోది అడియాంటం. నల్లగా మెరిసే వెంట్రుక లాంటి కాడ, దానిమీద చిన్న చిన్న విసనకర్రల్లాంటి ఆకులు. మూలికల దుకాణంలో హంసరాజ్ అని అమ్మేది ఈ జాతే.

మా ఇంట్లో వీటికి పేరు లేదు. 'బాయిల ఆకు', అంతే. పూత లేదు, కాయ లేదు, గింజ లేదు, గొడ్డు తినదు, కూరకి రాదు. పేరు ఎందుకు పెడతారు? కాని నాయిన ఒక తేడా మాత్రం పాటించేవాడు. బాయి గోడకి రావి మొక్క మొలిస్తే మోకు కట్టుకుని దిగి మరీ పీకేవాడు. ఫెర్న్‌ని ముట్టుకునేవాడు కాదు. అడిగితే, "రావి వేరు రాయిని పగలగొడ్తది బిడ్డా. ఇది పట్టుకుంటది గంతే" అన్నాడు.

ఫెర్న్‌లు మనకెంత దగ్గరి చుట్టాలో చాలాకాలం తేలలేదు. 2001లో కాథ్లీన్ ప్రయర్, ఆమె సహచరులు జన్యువుల్ని పోల్చి చూసి, ఫెర్న్‌లూ గుర్రపుతోక మొక్కలూ ఒకే కుటుంబమనీ, గింజ పెట్టే మొక్కలన్నిటికీ బతికున్నవాళ్లలో అత్యంత దగ్గరి బంధువులు అవేననీ చూపించారు. రెండు శాఖలూ విడిపోయి సుమారు 40 కోట్ల ఏళ్లు. పత్తి గోడలోనూ ఫెర్న్ గోడలోనూ ఒకే వస్తువు ఉంటే, విడిపోకముందే ఉమ్మడి ఆస్తిగా ఉండి ఉంటుందని అనుకోవచ్చు. ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేకపోతే, వేరుపడ్డాక సంపాదించుకున్నదో పోగొట్టుకున్నదో అయి ఉంటుంది. పంపకాల దస్తావేజు చదివినట్టే ఉంటుంది ఈ పని.

ఫెర్న్‌లో ఇంకో సౌకర్యం ఉంది. నన్నడిగితే అసలైన సౌకర్యం అదే. ఈ మొక్కకి రెండు శరీరాలు. మనం చూసే ఆకుల మొక్క ఒకటి. దాని ఆకు అడుగున రాలే పొడి, అంటే సిద్ధబీజాలు, తడినేల మీద పడితే మొలిచేది ఇంకో మొక్క, సంయోగబీజదం. వేలిగోరు కన్నా చిన్నది, గుండె ఆకారంలో, చాలాచోట్ల ఒకే కణం మందంలో పలకలా ఉంటుంది. వేరు లేదు, కాండం లేదు, నీటిగొట్టం లేదు. దానిమీదే ఆడా మగా కణాలు పుట్టి, నీటిచుక్కలో ఈది కలిసి, మళ్లీ ఆకుల మొక్క లేస్తుంది. నాచుల్లోనూ రెండు శరీరాలున్నాయి గాని ఒకటి ఇంకోదాని నెత్తిన ఎక్కి బతుకుతుంది. పూలమొక్కల్లో రెండోది కుంచించుకుపోయి పుప్పొడిలో రెండు మూడు కణాలు, అండాశయంలో మామూలుగా ఏడు కణాలుగా మిగిలింది. ఫెర్న్‌లో మాత్రం రెండూ వేరు కాపురం. అవే జన్యువులు. ఒక శరీరం పలచటి మట్టిగోడతో సరిపెట్టుకుంటుంది, ఇంకోటి లిగ్నిన్ పోసి మేడ కడుతుంది. సిమెంటు పోయమని ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది చూడాలంటే ఇంతకన్నా తేట చోటు లేదు.

ఇది చూడటానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. నేను పనిచేసే డిగ్రీ కాలేజీలో ఉన్నవి ఆరు మైక్రోస్కోపులు, వాటిలో పనిచేసేవి నాలుగు. బాయి నుంచి టెరిస్ ఆకు కోసుకొచ్చి, పాత న్యూస్‌పేపరులో మడిచి ఒక రాత్రి ఉంచితే తెల్లారేసరికి కాగితం మీద గోధుమరంగు పొడి ఉంటుంది. దాన్ని కుండపెంకు మీద చల్లి, నీళ్ల పళ్లెంలో నిలబెట్టి, మీద గాజుగిన్నె బోర్లిస్తే రెండు వారాల్లో పచ్చటి చుక్కలు, ఇంకో నెల రోజులకి గుండెలు. ఒక గుండెనీ, ఒక ఆకుకాడ అడ్డకోతనీ పక్కపక్కన పెట్టి ఫ్లోరోగ్లూసినాల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేస్తాం. లిగ్నిన్ ఉన్నచోట ఎరుపెక్కుతుంది. కాడలో నీటిగొట్టాల వరస కుంకుమ బొట్లు పెట్టినట్టు లేస్తుంది. గుండె మాత్రం ఎంతసేపు చూసినా రంగెక్కదు. "మేడం, రెండూ ఒకటే మొక్కనా?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న కోసమే నేను ఈ ప్రాక్టికల్ పెడతాను. సిలబస్‌లో దీనికి నాలుగు మార్కులు, అవీ బొమ్మకే.

ఇదే పనిని పెద్ద ఎత్తున చేసేవాళ్లు టెరిస్‌ని కాక సెరటోప్టెరిస్ రిచర్డియై అనే నీటి ఫెర్న్‌ని వాడతారు. టెన్నెసీ విశ్వవిద్యాలయంలో లెస్లీ హికాక్ దాన్ని బడిపిల్లలు కూడా పెంచగలిగేలా తయారుచేసి సీ-ఫెర్న్ అని పేరు పెట్టాడు. సిద్ధబీజం నుంచి మళ్లీ సిద్ధబీజానికి సుమారు నాలుగు నెలలు, మన వరి పంట కాలమంత. దాని అన్నదమ్ముల్లో ఒకటి, సెరటోప్టెరిస్ థాలిక్ట్రాయిడిస్, ఆసియా వరిమళ్లలో కలుపు. టెక్సాస్‌లో స్టాన్లీ రూ అనే ఆయన 1999 జులైలో ఈ సీ-ఫెర్న్ సిద్ధబీజాల్ని కొలంబియా వ్యోమనౌకలో ఆకాశానికి పంపాడు. ఒక్క కణమే అయిన సిద్ధబీజం, తన మొట్టమొదటి అడ్డగోడ ఎక్కడ లేపాలో, ఏ వైపు వేరుపోగు కావాలో భూమి లాగుడుని బట్టి తేల్చుకుంటుంది. లాగే భూమే లేకపోతే ఏం చేస్తుందో చూద్దామని. ముహూర్తానికి ముందు దిక్కు చూసుకునే మేస్త్రీలు మనకే ఉన్నారనుకున్నాను.

ఇక మా పొలంలో పత్తికీ మా బాయిలో అడియాంటానికీ ఉన్న సంబంధం. పత్తిపోగు అంటే గింజ పైపొరలో ఉండే ఒకే ఒక్క కణం. అది రెండున్నర, మూడు సెంటీమీటర్లు సాగి, లోపలివైపు గోడ మీద గోడ పేర్చుకుని చచ్చిపోతుంది. ఆ గోడలో తొంభై శాతానికి పైగా సెల్యులోజే. మనం కట్టుకునే బట్ట, ఆ మాటకొస్తే, గోడే. సెల్యులోజ్ నేసే ఎంజైము జన్యువు మొక్కల్లో మొదటిసారి దొరికింది కూడా పత్తిపోగులోనే, 1996లో, డెబొరా డెల్మర్ బృందానికి. ఆ ఎంజైములు కణం పొర మీద ఆరు రేకుల పువ్వులా గుమిగూడి ఉంటాయి. ఒక్కో పువ్వు ఒక్కో మగ్గం. అది పొర మీద జారుకుంటూ పోతుంటే వెనక సెల్యులోజ్ పోగు వస్తూ ఉంటుంది. ఈ పువ్వుల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడటం మొదలైన కొత్తల్లోనే, 1981లో, మసమిత్సు వాడా, ఆండ్రూ స్టేహెలిన్ వాటిని ఒక ఫెర్న్ మొలకలో చూశారు. ఆ ఫెర్న్ అడియాంటం కాపిల్లస్-వెనెరిస్. పువ్వులో ఉన్నది నిజంగా సెల్యులోజ్ ఎంజైమేనని 1999లో గాని రుజువు కాలేదు. నేనీ సంగతి చదివిన రోజు నాయినకి ఫోన్ చేసి చెప్పాను. మన పత్తిలో ఉన్న మగ్గమూ బాయిల ఆకులో ఉన్న మగ్గమూ ఒకటేనట అని. ఆయన కాసేపు ఆగి, "మరి దానికి పత్తెందుకు గాయది?" అన్నాడు.

అది చాలా మంచి ప్రశ్న. మగ్గం ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడ? చాలా మటుకు మగ్గం చుట్టూ ఉన్న సరుకులో. ఎడిన్‌బరోలో జోయి పాపర్, స్టీఫెన్ ఫ్రై 2004లో రకరకాల మొక్కల లేత గోడల్ని కరిగించి చక్కెరలు లెక్కపెడితే, ఫెర్న్ గోడల్లో మానోజ్ అనే చక్కెర గొలుసులు దండిగా కనిపించాయి. పూలమొక్కల్లో అవి బాగా తగ్గి, కట్టెను పట్టి ఉంచే పని వేరే గొలుసుల చేతికి పోయింది. బెల్జియంలో గెంట్ విశ్వవిద్యాలయం నుంచి ఒలివియే లెరూ, ఆయన తోటివాళ్లు ఇంకో దారి పట్టారు. ఒక్కో రకం చక్కెర గొలుసునే వెతికి పట్టుకునే యాంటీబాడీలుంటాయి. వాటితో ఎన్నో ఫెర్న్‌ల కోతల్ని తడిమి చూసి 2015లో ప్రచురించారు. జాతికీ జాతికీ తేడా ఉందన్నది ఊహించిందే. ఒకే కాడలో పక్కపక్క కణజాలాలకే, కణాలకే గోడ తేడా ఉంది. 'ఫెర్న్ గోడ' అని ఒకటి లేదన్నమాట. నాకు తృప్తినిచ్చిన ఫలితాల్లో ఇదొకటి. పాత మొక్కలంటే ఎక్కడో ఆగిపోయినవని, మెట్టు మధ్యలో కూర్చుండిపోయినవని మన పాఠ్యపుస్తకాలు నేర్పుతాయి. ఆ 40 కోట్ల ఏళ్లూ అవి కూడా ఇల్లు మార్చి కట్టుకుంటూనే ఉన్నాయి.

అన్నిట్లోకీ విచిత్రం గుర్రపుతోకది. పుస్తకంలో పేరు ఈక్విసిటం. గణుపులు గణుపులుగా, ఆకులు లేనట్టే ఉండే ఆకుపచ్చ పుల్ల. ప్రయర్ లెక్క ప్రకారం ఇదీ ఫెర్న్ కుటుంబమే. వరి, గోధుమ, ఓట్సు లాంటి గడ్డిజాతుల గోడల్లో ఒక ప్రత్యేకమైన బీటా-గ్లూకాన్ ఉంటుంది. డాక్టర్లు కొలెస్ట్రాల్‌కి ఓట్సు తినమనేది దాని మూలంగానే. మొక్కల్లో అది గడ్డిజాతులకీ వాటి దగ్గరి బంధువులకీ మాత్రమే సొంతం అని పుస్తకాల్లో రాసి ఉండేది. 2008లో రెండు బృందాలు వేరువేరుగా దాన్ని గుర్రపుతోకలో పట్టుకున్నాయి. దాని పక్కింటి మామూలు ఫెర్న్‌ల్లో అప్పుడు వెతికితే కనిపించలేదు. అంటే ఉమ్మడి ఆస్తి కాదు, ఇద్దరూ ఎవరికి వారు కనిపెట్టుకున్నారనే అనిపిస్తుంది. ఇంకో సంగతి, వరీ గుర్రపుతోకా రెండూ గోడల్లో ఇసుక సరుకు, అంటే సిలికా, నింపుకుంటాయి. ఐరోపా పల్లెల్లో గుర్రపుతోకతో గిన్నెలు తోమేవాళ్లు. మా అమ్మ ఊకబూడిదతో తోమేది. ఆ రెండు చేతుల్లోనూ గీరింది ఒకటే.

ఇంత చెప్పినా నాయిన అసలు ప్రశ్న వదల్లేదు. "గీ బాయిల ఆకు జూసి ఏం జేస్తరు బిడ్డా? ఎవలకు పనికొస్తది?" పనికొచ్చే జవాబులు నా దగ్గర లేకపోలేదు. గడ్డిని బర్రె ఎంత అరిగించుకుంటుందన్నది అందులోని లిగ్నిన్, సిలికాల మీద ఆధారపడుతుంది. ఆయనకిది నాకన్నా బాగా తెలుసు, ముదిరిన గడ్డి వేస్తే పాలు తగ్గుతాయని రోజూ చూసేవాడు. గడ్డి నుంచి ఇంధనం తీయాలన్నా, పత్తిపోగు బలం పెంచాలన్నా గోడ కట్టే తీరు తెలియాలి. కాని ఈ జవాబు చెప్పినప్పుడల్లా ప్రాజెక్టు ప్రపోజలు రాసినట్టుంటుంది నాకు. నేను ఫెర్న్‌ని చూసేది పాలు పెరుగుతాయని కాదు. నాయినకి ఆ మాట చెప్పాను కూడా. ఆయన నవ్వి, "మరి గట్లనే చెప్పు" అన్నాడు.

గోడ ఎంత పని చేయగలదో చూడాలంటే సిద్ధబీజాల సంచి చాలు. ఆకు అడుగున గోధుమరంగు గీతలో ఇలాంటివి వందలుంటాయి. ప్రతి సంచికీ వెన్నులా పన్నెండు పదమూడు కణాల వరస. వాటి గోడలు మూడు వైపులా మందం, బయటివైపు పలచన. ఎండకి లోపలి నీళ్లు ఆవిరవుతుంటే పలచటి గోడ లోపలికి గుంజుకుపోతుంది, వరసంతా వెనక్కి విల్లులా వంగుతుంది, సంచి నోరు తెరుచుకుంటుంది. చివరికి ఆ లాగుడికి నీళ్లే తెగి, కణాల్లో బుడగలు పుడతాయి. విల్లు ఒక్కసారి ముందుకి కొట్టుకుని సిద్ధబీజాల్ని విసిరేస్తుంది. మనిషి చేసిన వడిసెలకి దెబ్బ ఆపడానికి అడ్డకర్ర కావాలి. ఫెర్న్‌కి అక్కర్లేదు. గోడలో నీరు మెల్లగా కదలడమే బ్రేకు వేస్తుందని 2012లో సైన్స్ పత్రికలో జేవియర్ నోబ్లిన్, ఆయన సహచరులు లెక్కలతో చూపించారు. మా నాలుగు మైక్రోస్కోపుల్లో ఒకదాని కింద పొడి ఆకు ముక్క పెట్టి, టేబుల్ లైటు దగ్గరికి జరిపితే చాలు. మొదటి సంచి పేలగానే చూస్తున్న పిల్ల ఉలిక్కిపడి తల వెనక్కి తీస్తుంది. ఎన్నేళ్లు చూసినా నేనూ తీస్తాను.

ఇట్లాంటి గోడలు ఎంతకాలం నిలుస్తాయో తెలియాలంటే భూపాలపల్లి పోవాలి. సింగరేణిలో పనిచేసే మా చిన్నమ్మ కొడుకు ఒకసారి ఓపెన్‌కాస్టు దగ్గర దొరికిన రాతి పలక తెచ్చిచ్చాడు. దానిమీద నాలుక ఆకారంలో ఆకు అచ్చు, మధ్యలో ఈనె. గ్లాసాప్టెరిస్. 1828లో బ్రాన్యా ఆ పేరు పెట్టాడు, నాలుక ఫెర్న్ అని అర్థం. తీరా అది ఫెర్న్ కాదు, గింజ పెట్టిన చెట్టని తర్వాత తెలిసింది, పేరు అట్లాగే ఉండిపోయింది. గోదావరి లోయ బొగ్గు పాతిక కోట్ల ఏళ్లకు పైబడినది. అది ఆ చెట్లూ వాటి పక్కన పెరిగిన ఫెర్న్‌లూ కట్టిన గోడలే, ఒత్తుకుపోయి నల్లబడ్డవి. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థవాళ్లు ఆ బొగ్గునీ దాని పైకింది రాళ్లనీ ఆమ్లాల్లో కరిగించి, కరగకుండా మిగిలిన సిద్ధబీజాలనీ పుప్పొడినీ లెక్కపెట్టి ఏ పొర ఎప్పటిదో చెబుతారు. రాయి కరిగినా సిద్ధబీజం పైగోడ కరగదు. చెల్పూరు కరెంటు కేంద్రం పొగగొట్టం చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. పక్కన కూర్చున్నవాళ్లకి చెబితే విసుక్కుంటారు.

ఫెర్న్‌ల జన్యుపటాలు ఆలస్యంగా వచ్చాయి. ఆవజాతి కలుపుమొక్క అరాబిడాప్సిస్‌ది 2000లో, వరిది 2005లో పూర్తయితే, ఫెర్న్‌ల్లో మొదటి రెండూ, అజొల్లా, సాల్వీనియా, 2018లో గాని రాలేదు. అవి చిన్నవి కాబట్టి వచ్చాయి. బర్రెలకి దాణాగా మనవాళ్లు గుంటల్లో పెంచే అజొల్లా అదే జాతి. సీ-ఫెర్న్ జన్యురాశి మనిషిదానికి మూడున్నర రెట్లు ఉంటుంది. అది 2022లో వచ్చింది. అదే ఏడు ఒక చెట్టు ఫెర్న్‌దీ, మన అడియాంటం కాపిల్లస్-వెనెరిస్‌దీ వచ్చాయి. గోడ కట్టే జన్యువుల్ని వరుసలో పెట్టి పోల్చే పని ఇప్పుడే మొదలైంది. నేను చదువుకునే రోజుల్లో ఇవి లేవు. ఒహాయో స్టేట్‌లో ఉన్న వి. రాఘవన్ ఫెర్న్ సంయోగబీజదాల మీద 1989లో రాసిన పుస్తకమే మాకు పెద్దబాలశిక్ష. దాన్నీ జిరాక్స్‌లో చదివాం.

2024 సెప్టెంబరు 1న ఆకేరు పొంగింది. మరిపెడ మండలంలో ఆ రోజు ఏం జరిగిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. మా పొలంలో మోకాలు లోతు ఇసుక పడింది, బాయి సగం దాకా పూడిపోయింది. తమ్ముడు అప్పటికే అంటున్నాడు, రోడ్డు పక్క భూమి, నాలుగు గుంటలైనా ప్లాట్లకి ఇద్దామని. ఆ గోడలు పటిష్టంగా ఉన్నన్నాళ్లూ నాయిన ఒప్పుకోలేదు. వరద తర్వాత తూర్పు గోడ కొంత జారింది. తండా పిల్లలు బడికి ఆ పక్కనుంచే పోతారు. "అక్కా, ఎవలన్న పడితే మన పాణం మీదికొస్తది" అన్నాడు తమ్ముడు. అతను అన్నదాంట్లో నేను కాదనగలిగింది ఒక్క ముక్క లేదు. ఫెర్న్ కోసం బాయిని ఉంచమని అడగడానికి నాకు నోరు రాలేదు. పైగా ఇవి అంతరించిపోయే జాతులేం కాదు. టెరిస్ ఖమ్మం రోడ్డు మీద ఏ పాత కల్వర్టుకైనా దొరుకుతుంది.

అయినా ఒక బాయి అంటే ఒక బాయే. ఆ దక్షిణపు గోడ మీద ఏ ఆకు ఏ రాయి సందులో ఉందో, ఏది వేసవిలో నల్లబడి వానకి తిరిగి లేస్తుందో నాకు తెలుసు. ముప్పై ఏళ్లుగా ఒకేచోట సిద్ధబీజాలు రాల్చి, అక్కడే గుండెలై, అక్కడే మళ్లీ ఆకులైన కుటుంబాలు అవి. మా చుట్టుపక్కల ఇట్లాంటి చెమ్మగోడలు చిన్నప్పుడు ఎన్ని ఉండేవో వేళ్ల మీద లెక్కపెట్టబోతే వేళ్లు చాలలేదు. ఇప్పుడు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు. ఎవరూ వాటిని చంపలేదు. నీళ్లు పోయాయి, తర్వాత ప్రహరీలు వచ్చాయి, అంతే.

ఏప్రిల్‌లో జేసీబీ వచ్చే ముందురోజు ముగ్గురు పిల్లల్ని తీసుకుని పోయాను. నాయిన మోకు పట్టుకున్నాడు. ఎనభై దగ్గర పడుతున్న మనిషి, వద్దంటే వినలేదు. సున్నం ముక్కలతో సహా ఊడదీసి రెండు బకెట్లు నింపాం. సిద్ధబీజాల్ని కాగితం కవర్లలో పెట్టి, తేదీ వేసి, కాలేజీ ఫ్రిజ్‌లో పైఅరలో పెట్టాను. పొడిగా ఉంచితే ఏళ్ల తరబడి మొలిచే శక్తి పోదు. మొక్కల్లో సగం పైన ఆ వేసవిలోనే పోయాయి. కుండీల్లో పెట్టినవి ఒక్కటీ బతకలేదు, రాయి అంటని మట్టి వాటికి నచ్చదు. కాలేజీ వెనక ఓవర్‌హెడ్ ట్యాంకు దిమ్మెకి ఒకచోట పైపు జాయింటు కారి ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. అక్కడ సిమెంటు పగులులో గుచ్చినవాటిలో టెరిస్ ఒకటి, అడియాంటాలు రెండు పట్టాయి. వానాకాలం చివరికి అడియాంటం కొత్త కాడ వేసింది, నల్లగా, చుట్ట చుట్టుకుని. నాయినని తీసుకొచ్చి చూపించాను. ఆయన గోడని వేలితో గోకి చూశాడు. "గీ సిమెంటుల సున్నమున్నదా?" అన్నాడు. ఉంటుందన్నాను. "ఐతే పట్టుకుంటది" అన్నాడు.

ట్యాంకు లీకు బాగుచేయడానికి వచ్చేనెల ప్లంబరు వస్తున్నాడు. వద్దని చెప్పలేను, రోజూ పిల్లలు తాగే నీళ్లు వృథా పోతున్నాయి.